జీపు వెనుక ఇరుసును కమాను పట్టీల కిందికి మార్చవచ్చా?

కోనసీమ లంకదారుల నల్లమట్టిలో దిగబడుతున్న పాత జీపును ఇలా, కమాను పట్టీల (లీఫ్ స్ప్రింగుల) పైనున్న ఇరుసును వాటి కిందికి మార్చి, ఎత్తు చేయవచ్చా అని అడిగారు. చేయవచ్చు. కానీ బాడీ మాత్రమే లేస్తుంది. ఇరుసు మధ్యలో గేర్లుండే గుండు, అంటే డిఫరెన్షియల్, నేలకు అంతే దగ్గరగా ఉంటుంది. బురదలో తగిలేది అదే, కాబట్టి పెద్ద టైర్లు కూడా కావాలి.

అసలు పనితనమంతా పట్టీలు కూర్చునే దిమ్మెలను ఇరుసు గొట్టానికి అతికించడంలోనే ఉంది. ముందు టాకాలే (తాత్కాలికంగా పట్టి ఉంచే చిన్న వెల్డింగ్ చుక్కలు) వేయండి. బండి బరువును చక్రాల మీదికి దించి, పినియన్ షాఫ్టు (డిఫరెన్షియల్ ముందుకు పొడుచుకొచ్చే షాఫ్టు) గేర్‌బాక్సు నుంచి బయటికి వచ్చే షాఫ్టుకు సమాంతరంగా ఉందో లేదో కొలవండి. తేడా ఉంటే ఆ రెండింటినీ కలిపే ప్రొపెల్లర్ షాఫ్టు వణికి, దాని కీళ్లలోని క్రాసులు అరిగిపోతాయి. తర్వాత అంగుళం చొప్పున, ఎదురెదురు వైపుల, చల్లారనిస్తూ వెల్డింగ్ చేయించండి. ఒకే ఊపున లాగితే గొట్టం వంగుతుంది, దయచేసి తొందరపడనివ్వకండి. బ్రేకు గొట్టం, షాక్ అబ్జార్బర్లు పొడవైనవి వేయాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహన మార్పులకు సంబంధించినది. పని మొదలుపెట్టే ముందే రవాణా కార్యాలయంలో అడగండి.