మేకలు మేపే ఇంటి పిల్ల అడవి చదువు చదువుతానంటే

పలమనేరు పక్క పల్లె నుంచి ఒక అన్న రాశారు. ఇంట్లో మేకల మంద, రెండు ఆవులు, కూతురు ఇంటర్ సెకండియర్ బైపీసీ. అమెరికాలో ప్రభుత్వ మేత భూముల్లో పశువులకు, అడవి జంతువులకు, చూడ్డానికి వచ్చే జనానికి ముగ్గురికీ సరిపోయేలా చూసే ఉద్యోగం ఒకటుందని ఆ పాప వీడియోలో చూసిందట, అదే చదువుతానని పట్టుబట్టింది. బంధువులు నర్సింగ్ చేయించమంటున్నారు. ‘ఫారెస్టోళ్లు మా జీవాలను తరుముతారు, ఇప్పుడు నా బిడ్డే ఆ డ్రెస్ వేసుకుంటానంటోంది, ఏం చేసేది?’ అని అడిగారు.

అన్నా, ముందు టెన్షన్ పడకండి. పాప చూసింది నిజమే. అక్కడ బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. 1934లో వచ్చిన టేలర్ గ్రేజింగ్ చట్టంతో మేతకు పర్మిట్లు మొదలయ్యాయి, 1976లో ఇంకో చట్టం వచ్చి మేత, వన్యప్రాణులు, విహారం అన్నీ కలిపి చూడాలంది. కానీ అక్కడి ప్రభుత్వ ఉద్యోగాలు దాదాపు అన్నీ అక్కడి పౌరులకే ఇస్తారు, కాబట్టి ఆ ఒక్క ఉద్యోగం కోసం అప్పు చేసి పంపే ఆలోచన మాత్రం వద్దు.

ఆ పని మన దగ్గరా ఉంది, పేరే వేరు, ఇక్కడ అటవీ శాఖ చూస్తుంది. అసలు ఆ పనిలో ఏం చేస్తారో చూడండి. గుట్ట మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు చోటు గుర్తు పెట్టి, అందులో గడ్డంతా కోసి ఎండబెట్టి తూస్తారు. 150 గ్రాములు వచ్చిందనుకుందాం, అంటే హెక్టారుకు, దాదాపు రెండున్నర ఎకరాలకు, 1500 కిలోలు. అందులో సగం వేళ్లు బతకడానికి, నేల కోసుకుపోకుండా ఉండడానికి, జింకలకు, కుందేళ్లకు వదిలేస్తే మిగిలేది 750 కిలోలు. మన చిన్న ఆవు రోజుకు ఆరు కిలోల ఎండుగడ్డి తింటుందనుకుంటే ఒక్క ఆవుకు 125 రోజులు వస్తుంది, అంతకు మించి తోలితే వచ్చే ఏడాది గడ్డి పోయి ముళ్లకంప మిగులుతుంది. మేకల లెక్క వేరు, అవి గడ్డి కంటే ఆకు, చిగురు చూసుకుంటాయి, వెనక కాళ్ల మీద లేచి మరీ అందుకుంటాయి, లేత మొక్కలకు అక్కడే దెబ్బ. వాన పడిన వెంటనే తోలితే గడ్డి వేరు పట్టదని మీకు నేను చెప్పాలా? ఈ సంగతులు మీ పాపకు ఇంట్లోనే తెలుసు, టౌన్ పిల్లలు డిగ్రీలో చేరాక నేర్చుకుంటారు.

లెక్క తేలాక మనుషులతో మాట్లాడాలి, అది ఇంకా కష్టం. మీ వైపు కౌండిన్య శాంక్చురీ ఏనుగుల అడవి. జీవాలు లోపలికి పోతే ఏనుగు మేత తగ్గుతుంది, కాసే మనిషికి ప్రాణగండం, పూర్తిగా ఆపేస్తే మీ పొయ్యి వెలగదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం శాంక్చురీలో మేతను నియంత్రించవచ్చు, శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కులో అయితే పశువులను అసలు మేపకూడదు. 2006 అటవీ హక్కుల చట్టమేమో అర్హులైనవాళ్లకు మేత హక్కును గుర్తిస్తుంది. ఇవన్నీ చదివి, మీ ఊరి అరుగు మీద కూర్చుని మీ మాటలో చెప్పగలిగే ఆఫీసర్లు చాలా తక్కువ. తలకోన లాంటి చోట సెలవు రోజున వచ్చే జనాన్ని, వాళ్లు పారేసే కవర్లను చూసుకోవడమూ ఈ పనిలో భాగమే. ఆ డ్రెస్ మీ పాప వేసుకుంటే మీకు ఎదురు నిలబడినట్టు కాదన్నా, మందను ఏ నెలలో ఎటు తోలాలో మీతో కూర్చుని తేల్చే మనిషి ఆఫీసులో ఒకరు ఉన్నట్టు.

చదువు సంగతి. నా మొదటి ఓటు బీఎస్సీ అగ్రికల్చర్‌కు, ఈఏపీసెట్ రాయించండి, తిరుపతిలోనే ఎస్వీ అగ్రికల్చర్ కాలేజీ ఉంది. రెండోది వెటర్నరీ, అదీ తిరుపతిలోనే. శాంక్చురీ చుట్టూ 5 కిలోమీటర్ల లోపు పశువులకు అంటురోగాల టీకాలు వేయించే ఏర్పాటు చేయాలని చట్టమే చెబుతుంది, అందుకే ఈ రంగంలో పశువుల డాక్టర్ మాటకు బరువుంటుంది. రెండూ రాకపోతే బోటనీ, జువాలజీతో మామూలు బీఎస్సీ చాలు, దిగులు పడొద్దు. పరిశోధన మీద మనసుంటే సైన్స్ చదువుల కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్ ప్రవేశ పరీక్ష రాయొచ్చు, తర్వాత డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ, గడ్డి మీదే పని చేయాలంటే ఝాన్సీలో గడ్డిభూముల పరిశోధన సంస్థ ఉంది. అగ్రికల్చర్, వెటర్నరీ, బోటనీ జువాలజీల బీఎస్సీ, ఈ మూడింట్లో ఏది ఉన్నా యూపీఎస్సీ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయొచ్చు. అందులో నడక పరీక్ష ఉంటుంది, ఆడపిల్లలు నాలుగు గంటల్లో 14 కిలోమీటర్లు నడవాలి, మంద వెనక తిరిగే పిల్లకు అదొక లెక్క కాదు.

నిజం చెప్పాలి, యూపీఎస్సీ పరీక్ష ఏటా ఉన్నా రాష్ట్ర అటవీ శాఖ పోస్టులు ఏటా పడవు, రెండింటికీ పోటీ గట్టిగా ఉంటుంది. అగ్రికల్చర్‌ను ముందు పెట్టింది అందుకే, అడవి ఉద్యోగం ఆలస్యమైనా వ్యవసాయ శాఖ, బ్యాంకు, విత్తన కంపెనీలు ఉంటాయి. నర్సింగ్ మంచి చదువే, కానీ పాపకు మనసు లేని చోట నాలుగేళ్లు తోయకండి.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయించండి. వానలు పడి గడ్డి లేచాక మీ బీడులో నాలుగు చోట్ల మీటరు మీటరు కోసి ఎండబెట్టి, కిరాణా కొట్టు త్రాసులో తూచి, ఏ చోట ఎంత వచ్చిందో, ఏ గడ్డి ఎవరు తింటారో నోట్‌బుక్‌లో రాయమనండి, పేర్లు మీరు చెప్పండి. రెండో వారానికే విసుగొస్తే నాకు మళ్లీ రాయండి, వేరే దారి చూద్దాం.