అమ్మబోయే వ్యాపారం కోసం ఇల్లు తాకట్టు పెట్టకండి

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్‌ను 22 ఏళ్లుగా నడుపుతున్నాను. లెక్కలు మా ఆవిడ చూస్తుంది. పిల్లలిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నారు, ఈ పనిలోకి రామన్నారు. 60 ఏళ్లకు యూనిట్ అమ్మేసి ఆ డబ్బుతో బతకాలని ఉంది. ఏడాది లాభం మా ఇంటి ఖర్చుకు మూడింతలు ఉంటుంది. అమ్మితే కనీసం 20 ఏళ్ల ఇంటి ఖర్చుకు సరిపడా వస్తుందని నా అంచనా. టర్నోవర్ (ఏడాది మొత్తం అమ్మకాలు) పెంచితే ధర ఇంకా పెరుగుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. అందుకే ఇల్లు తాకట్టు పెట్టి రెండో మెషీన్ కొందామనుకుంటున్నాను. ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఒక లిమిట్ దాకా కావలసినప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు), పాత మెషీన్ లోన్ నడుస్తున్నాయి. రెండింటికీ నా వ్యక్తిగత హామీ ఉంది. బయట పొదుపు రెండు నెలల ఖర్చుకు మించి లేదు. అయితే ఓడీలో సగం లిమిట్ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. దాదాపు సగం ఆర్డర్లు ఒకే కంపెనీవి. టర్మ్ పాలసీ (నేను పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) నాలుగేళ్ల కిందట ఆపేశాను. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: ఇంటి పత్రాలు బీరువాలోనే ఉండనివ్వండి. మెషీన్‌కు అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. మిగతా విషయాలు తీరిగ్గా తేల్చుకోవచ్చు. తాకట్టు సంతకం ఒక్కటి మాత్రం పెట్టాక వెనక్కి తీసుకోలేరు.

మీలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. సంపాదించినదంతా వ్యాపారంలోకే పోతుంది, ఆ వ్యాపారమే పెన్షన్ అనుకుంటారు, తీరా దిగిపోయే రెండు మూడేళ్ల ముందు ధర పెంచుకోవాలని పెద్ద అప్పు చేస్తారు. ఈ మూడింటిలో చివరిది అన్నిటికన్నా ప్రమాదం. ఉద్యోగి రిటైరైతే జీతం ఆగుతుంది, అంతే. మీరు అప్పుతో దిగిపోతే జీతం ఆగడంతో పాటు వాయిదాలు మీ వెంట వస్తాయి.

ముందు ధర సంగతి. మీ ఏడాది ఇంటి ఖర్చును 100 అనుకుందాం. మీ లెక్క ప్రకారం లాభం 300. అందులో మీకూ మీ శ్రీమతికీ జీతం వేసుకున్నట్టు లేదు. కొనే మనిషి ఆ కుర్చీల్లో కూర్చోవడానికి ఒక మేనేజర్‌నూ ఒక అకౌంటెంట్‌నూ పెట్టుకోవాలి. వాళ్ల జీతాలకు 120 పోతుందనుకుంటే, అతని కంటికి కనబడే లాభం 180. యజమాని మీదే నడిచే చిన్న యూనిట్లకు ఈ లాభం మీద రెండు నుంచి నాలుగు రెట్ల దగ్గర బేరం తెగడం మామూలు. మధ్యలో మూడు రెట్లు తీసుకుంటే 540. రోజువారీ నడకకు కావలసిన సరుకు, రావలసిన బాకీలు చాలా ఒప్పందాల్లో ఆ ధరలోనే కలిసిపోతాయి.

ఆ 540 కూడా ఒకేసారి చేతికి రాదు. సంతకాల రోజున 60 శాతం ఇచ్చి మిగతాది రెండేళ్ల వాయిదాల్లో ఇస్తాననడం కొనేవాళ్ల అలవాటు. అంటే మొదటి రోజు వచ్చేది 324. ఓడీ, పాత లోన్ కలిపి 150 అనుకుందాం. బ్యాంకు ముందు అది పట్టుకుంటుంది. మిగిలిన 174లోంచి పన్ను, లాయరు, ఆడిటరు, పనివాళ్లకు తేల్చాల్సిన బకాయిలకు 60 తీసేయండి. ఇంటికి తీసుకెళ్లేది 114. అంటే ఏడాదీ రెండు నెలల ఖర్చుకు కూడా కాస్త తక్కువే. వాయిదాల 216 ఒక్క రూపాయి కూడా ఎగ్గొట్టకుండా వస్తే మొత్తం 330. మీరు ఎదురుచూస్తున్నది 2,000.

ఈ అంకెలు మీ ఆడిటర్ దగ్గర మారవచ్చు, కొంత పెరగవచ్చు కూడా. కానీ 330కీ 2,000కీ మధ్య ఉన్న దూరాన్ని రెండో మెషీన్ పూడ్చలేదు.

కొనేవాళ్లు టర్నోవర్‌కు డబ్బివ్వరు, లాభానికి ఇస్తారు. పైగా ఆ లాభం రెండు మూడేళ్ల లెక్కల పుస్తకాల్లో నిలబడి కనిపించాలి. ఇవాళ మెషీన్ పెట్టి, ఏడాదిన్నరకు ఆర్డర్లు పట్టి, మూడో ఏట అమ్మకానికి పెడితే ఆ పెరుగుదలను నమ్మేదెవరు? టర్నోవర్ పెరిగేకొద్దీ ముడిసరుకుకూ బాకీలకూ చిక్కుకునే డబ్బు పెరుగుతుంది, దానికి మళ్లీ ఓడీయే గతి. ఇంటి మీద తెచ్చే అప్పు 250 అనుకోండి. అమ్మకం రోజున ధరలోంచి ఆ బాకీ అంతా తీసేస్తారు. మూడు రెట్ల లెక్కన మీరు ఇప్పుడున్న చోటే నిలబడాలన్నా ఏడాది లాభం ఇంకో 83 పెరగాలి. 180 మీద అది దాదాపు సగం పెరుగుదల. మధ్యలో కట్టే వడ్డీ ఇందులో చేర్చలేదు. అప్పు ఖాయం, ధర ఊహ, తాకట్టులో ఉన్నది మీరు ముసలితనంలో తలదాచుకోవాల్సిన ఇల్లు. ఈ సలహా ఇచ్చినవాళ్లెవరూ ఆ అప్పుకు హామీ సంతకం పెట్టరు. కావాలంటే అడిగి చూడండి.

ఇక నన్ను అన్నిటికన్నా భయపెట్టిన మాట మీ ఉత్తరంలో చివరికెక్కడో ఉంది. "ఓడీలో సగం లిమిట్ ఖాళీ, కాబట్టి ఇబ్బంది లేదు" అన్నారు. ఖాళీ లిమిట్ పొదుపు కాదండీ, ఇంకా తీసుకోని అప్పు. దాన్ని బ్యాంకు మీ లెక్కలు చూసి ఎప్పటికప్పుడు పునరుద్ధరిస్తుంది. ఆ పెద్ద కంపెనీ ఆర్డర్లు ఆపేసిన ఏడాది, మీకు గుండెనొప్పి వచ్చి ఆరు నెలలు యూనిట్ మొహం చూడని ఏడాది, సరిగ్గా అప్పుడే లిమిట్ తగ్గిస్తుంది. అవసరం వచ్చిన రోజున మూసుకునే తలుపును అత్యవసర నిధి అనలేం.

ఉద్యోగులకైతే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టమంటాను. వ్యాపారం అమ్మబోయేవాళ్లకు 24 నెలలు, అంతకు ఒక్క నెల తక్కువ వద్దంటాను. కారణం బేరంలో ఉంది. కొనేవాణ్ని వెతకడం, అతని మనుషులు పుస్తకాలు తిరగేయడం, బ్యాంకు, లాయర్లు, అన్నీ కలిపి ఆర్నెల్ల నుంచి ఏడాది సులువుగా పడుతుంది. ఒక బేరం చివరిదాకా వచ్చి చెడిపోతే మళ్లీ మొదటికొస్తారు. ఆ తర్వాత వాయిదాల రెండేళ్లు. ఇంతకాలం ఇంట్లో పొయ్యి వెలగడానికి డబ్బు వేరే ఉంటే, తక్కువ ధర చెప్పినవాడికి నమస్కారం పెట్టి పంపించగలరు. లేకపోతే అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. అమ్మేవాడి అవసరం కొనేవాడికి చాలా త్వరగా తెలిసిపోతుంది. సరఫరాదారులకు ఆలస్యంగా చెల్లింపులు చేస్తున్నారని పుస్తకాల్లో కనిపించగానే ధర తగ్గిస్తాడు, వాయిదాలు పొడిగిస్తాడు. అసలు అందరూ తాము అనుకున్న తేదీకే దిగిపోరు. జబ్బు చేసి, కుటుంబంలో ఏదో జరిగి, రెండేళ్ల ముందే అమ్మాల్సి వచ్చేవాళ్లు ఎందరో. వాళ్లలో ఎవరు నిలదొక్కుకుంటారో తేల్చేది ఈ నిధే.

ఎలా పోగుచేయాలంటే, ఈ నెల నుంచే మీ ఇద్దరికీ జీతాలు వేసుకోండి. పుస్తకాల్లో అసలు లాభం ఎంతో బయటపడుతుంది, కొనేవాడికీ అది నమ్మకమిస్తుంది. లాభంలో ఇంటికి 100 పోగా ఏటా 200 యూనిట్‌లోకే వెళ్తోంది కదా. అందులో 100ను బయటికి లాగండి. రెండేళ్లలో 24 నెలల నిధి పూర్తవుతుంది. ఇంకో 50 అప్పుల మీద వేస్తే మూడేళ్లలో 150 తీరిపోతుంది. చివరి 50తో ఉన్న మెషీన్‌ను బాగుచేయించుకుంటూ నడపండి. నిధి మీ ఇద్దరి పేరు మీద, ఓడీ ఉన్న బ్యాంకులో కాకుండా వేరే బ్యాంకులో, డిపాజిట్లలోనో లిక్విడ్ ఫండ్లలోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్లు) ఉండాలి. పనివాళ్ల జీతాలకని ఒక్కసారి దాన్ని ముట్టుకుంటే ఇక అది నిధిగా మిగలదు. అది నిండాక ఆ 100 దీర్ఘకాల పెట్టుబడులకు వెళ్లాలి.

ఇలా 62 దాకా నడిపితే నిధి 200, పెట్టుబడి 300, అప్పు సున్నా. అప్పుడు అదే 540కి అమ్మినా ఖర్చులు పోగా 480. మొత్తం 980, దాదాపు పదేళ్ల ఖర్చు. రాబడినీ ధరల పెరుగుదలనూ లెక్కలోకి తీసుకోలేదు. 20 ఏళ్లకు ఇది చాలదు, ఆ మాట దాచను. 60కి మీరు పూర్తిగా మానేయలేరు. ఒకటి రెండేళ్లు వెనక్కి జరపడం, అమ్మాక కొన్నాళ్లు జీతానికి సలహాదారుగా ఉండటం, ఖర్చు తగ్గించుకోవడం, వీటిలో ఏవి మీకు కుదురుతాయో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

హామీ గురించి తప్పక చెప్పాలి. యూనిట్ అమ్మినంత మాత్రాన మీ వ్యక్తిగత హామీ రద్దు కాదు. "లోన్ నేను చూసుకుంటాను" అని కొనేవాడు కాగితం రాసిచ్చినా, బ్యాంకు మిమ్మల్ని విడుదల చేస్తూ లేఖ ఇవ్వనంతవరకు మీరే బాధ్యులు. అతను రెండేళ్ల తర్వాత చేతులెత్తేస్తే బ్యాంకు మీ ఇంటికొస్తుంది. కాబట్టి అమ్మకపు డబ్బులోంచి బాకీ నేరుగా బ్యాంకుకే వెళ్లాలి, హామీ విడుదల లేఖ అందాకే తాళాలు అప్పగించాలి. ఈ షరతు ఒప్పందంలో రాయించండి. వాయిదాల డబ్బుకు కూడా కొనేవాడి నుంచి ఆస్తి హామీ అడగండి. ఉత్త చెక్కులతో సరిపెట్టుకోకండి.

అప్పు ఉన్నంతకాలం ఆ మొత్తానికి సరిపడా టర్మ్ పాలసీ ఉండాలి. ఆపేయడం పెద్ద పొరపాటు. ఈ వయసులో ప్రీమియం ఎక్కువే, వైద్య పరీక్షలూ అడుగుతారు. అయినా తీసుకోండి. రేపు మీకేమైనా జరిగితే మీ శ్రీమతి బాకీ తీర్చడానికి యూనిట్‌ను అయినకాడికి అమ్ముకోవాల్సి వస్తుంది. ఆరోగ్య బీమా యూనిట్ పేరు మీదున్న గ్రూపు పాలసీ అయితే అమ్మకంతో పాటే పోతుంది. ఇద్దరికీ సొంత పాలసీ ఇప్పుడే తీసుకుంటే పాత జబ్బులకు బీమా వర్తించని నిరీక్షణ కాలం మీరు దిగిపోయే లోపు గడిచిపోతుంది.

ధర పెంచుకునే మార్గం లేదా అంటే ఉంది, దానికి పెద్దగా డబ్బు అక్కర్లేదు. సగం ఆర్డర్లు ఒకే కంపెనీవి కావడం మీ ధరను కొరికేస్తుంది. అది పోతే ఏం మిగులుతుందన్నదే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న. ఆ వాటాను 25 శాతానికి దించండి, లేదా రాతపూర్వక ఒప్పందం సంపాదించండి. మీ తలలో ఉన్న రేట్లు, కాగితం గ్రేడులు, మెషీన్ మరమ్మతు చిట్కాలు పుస్తకంలోకి ఎక్కాలి. సీనియర్ పనివాడొకరికి ఆర్డర్లు తీసుకోవడం నేర్పి, నెల రోజులు మీరు వెళ్లకుండా చూడండి. మీరు లేకుండా నడిచే యూనిట్‌కు మూడు రెట్లకు బదులు నాలుగు అడగవచ్చు.

నమ్మకమైన ఉద్యోగికో పోటీదారుకో అమ్మడం కూడా పరిశీలించండి. ఎవరూ దొరక్కపోతే అప్పులు తీర్చి, మెషీన్లు అమ్మి, గౌరవంగా మూసేయడంలో తప్పులేదు. యూనిట్ స్థలం అద్దెదైతే లీజు కొత్తవాళ్ల పేరుకు మారుతుందో లేదో ముందే కనుక్కోండి.

ఈ వారం బ్యాంకుకు వెళ్లి, మీరు హామీ సంతకాలు పెట్టిన కాగితాలన్నిటి నకళ్లు అడిగి తీసుకోండి. మీ శ్రీమతితో కూడా ఎక్కడైనా సంతకం పెట్టించారేమో చూడండి. గత మూడేళ్ల లెక్కలతో పాటు వాటిని ఆడిటర్ ముందు పెట్టి, మీ ఇద్దరి జీతాలు తీసేశాక అసలు లాభం ఎంతో రాయించుకోండి. ఆ అంకె చేతికొచ్చేదాకా కొత్త మెషీన్ గురించి ఎవరితోనూ మాట్లాడకండి.