బోరు నీళ్ల పూల్: క్లోరిన్ వేయగానే తెల్లబడుతుంటే

బోరు నీళ్లు నింపిన పూల్‌లో క్లోరిన్ కోసం బ్లీచింగ్ పౌడర్ వేయగానే నీళ్లు పాలలా తెల్లబడుతున్నాయా? అది క్లోరిన్ తక్కువై కాదండీ, నీళ్లలోని కాల్షియం వల్ల. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు గట్టివే, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువ. బకెట్ అంచున తెల్లటి పొర కడుతుంది చూడండి, అదే ఇది. మీరు వేస్తున్న బ్లీచింగ్ పౌడర్‌లోనూ కాల్షియమే, పైగా అది పీహెచ్ (నీళ్ల ఆమ్ల-క్షార స్థాయి) పెంచుతుంది, దాంతో కాల్షియం తెల్లగా బయటపడుతుంది.

1. పౌడర్ ఆపేయండి.

2. ముందు పీహెచ్, ఆల్కలినిటీ (పీహెచ్ మారకుండా పట్టి ఉంచే క్షార లవణాల మోతాదు) టెస్ట్ చేయండి. చాలామంది వదిలేసేది ఇదే. పీహెచ్ 8 దాటితే వేసిన క్లోరిన్ చాలావరకు వృథా. పంపు నడుస్తుండగా డ్రై యాసిడ్ (పీహెచ్ తగ్గించే పొడి, సోడియం బైసల్ఫేట్) కొద్దికొద్దిగా వేసి, కొన్ని గంటలాగి మళ్లీ టెస్ట్ చేస్తూ 7.2–7.4కి తీసుకురండి. తొందరపడి ఒకేసారి కుమ్మరించకండి. యాసిడ్‌కీ బ్లీచింగ్ పౌడర్‌కీ ఒకే మగ్గు అస్సలు వాడొద్దు, విషవాయువు వస్తుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి.

3. నీళ్లు తేటపడేదాకా ఫిల్టర్ నడవనివ్వండి. ఫిల్టర్ గేజ్‌లో ప్రెషర్ మామూలు కంటే 8–10 పీఎస్‌ఐ పెరిగితే బ్యాక్‌వాష్ చేయండి, అంటే నీళ్లు వెనక్కి పంపి ఫిల్టర్ కడగండి.

4. ఇకపై లిక్విడ్ క్లోరిన్ వాడండి, ఫ్రీ క్లోరిన్ (నీళ్లలో ఇంకా పనిచేయగల క్లోరిన్) 1–3 పీపీఎం, అంటే లీటరుకు 1–3 మిల్లీగ్రాములు, ఉంటే చాలు. ఎండాకాలం ఆవిరైన కొద్దీ బోరు నీళ్లే పోస్తుంటే కాల్షియం మళ్లీ పేరుకుంటుంది, అప్పుడు కొంత నీరు తీసేసి కాల్షియం తక్కువున్న మెత్తటి నీళ్లు పట్టాల్సిందే.