కొటియా రైతులది అదృష్టమేనా?

"కొటియా ఊళ్లవాళ్లకి ఆంధ్రా నుంచి, ఒడిశా నుంచి రెండు రేషన్లు, రెండు పింఛన్లు వస్తాయట. అంతకంటే అదృష్టం ఏముంటుంది?" అని నన్ను ఒకరు అడిగారు. కొటియా అంటే ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల్లో రెండు రాష్ట్రాలూ మాదంటే మాదని తగాదా పడుతున్న 21 ఊళ్లు. నాది సాలూరు. బెంగళూరులో బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌ని. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లలో ఆ కొండలవాళ్లూ ఉన్నారు. అంత అదృష్టమే ఉంటే వాళ్లు సర్జాపుర రోడ్డులో ఇటుకలు మోసి, రాత్రి రేకుల షెడ్డులో ఎందుకు పడుకుంటారు?

ఒక కుర్రాడి సంగతి చెప్తాను. వాళ్లకి కొండవాలులో కాస్త భూమి ఉంది. పైన చోళ్లు (రాగులు), సామలు వేస్తారు, కింద గెడ్డ (వాగు) పక్కన అల్లం. అల్లం విత్తనానికి షావుకారు దగ్గర అప్పు తెచ్చారు. బ్యాంకు లోను దొరికితే అది తీర్చేయాలని వాళ్లమ్మ ఆశ. ఓ మధ్యాహ్నం సైట్‌లో భోజనాల వేళ ఆమె బ్యాంకు నుంచి ఫోన్ చేసింది. రేకుల మీద వాన మోతకి ఏమీ వినపడక స్పీకర్ పెట్టి, ఇద్దరం ఫోన్ మీదకి వంగి కూర్చున్నాం. లోపలి ఉద్యోగి చేతికి ఫోన్ ఇప్పించి నేనే మాట్లాడాను. "పట్టా ఉంది సార్, కాదనను. రేపు అవతలి రాష్ట్రంవాళ్లు వచ్చి ఈ భూమి మాదంటే మా లోను ఎవరు కడతారు?" అన్నాడాయన. తర్వాత ఆమె ఫోన్ తీసుకుంది. "మా మావ రాళ్లేరి బాగుచేసిన నేల బాబూ ఇది. ఎవులిదని అడుగుతారేటి?" నాకు నోట మాట రాలేదు. కుర్రాడు అన్నం గిన్నె పక్కన పెట్టేశాడు.

రెండు కార్డులు పట్టుకున్న ముసలమ్మ ఫోటో వేసి "డబుల్ ధమాకా" అని హెడ్డింగ్ పెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. కెమెరా పట్టుకుని వెళ్లినవాళ్లు ఒక్కరైనా పొలం కాగితం చూపించమని అడిగారా?

ఈ 21 ఊళ్ల తగాదా మీద ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకెళ్లింది. 2006లో కోర్టు ఇది తన పరిధిలోది కాదంటూ, ఉన్నదున్నట్టు ఉంచమంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే, ఇది కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ పిటిషన్ వేసింది. 2024 మే 13న, ఆంధ్రా లెక్కలో ఈ ఊళ్లుండే అరకు లోక్‌సభ స్థానానికీ, ఒడిశా లెక్కలో ఉండే కోరాపుట్‌కీ ఒకేరోజు పోలింగ్. ఆ ముందు రోజుల్లో మా కుర్రాళ్లకి రెండువైపుల నాయకుల నుంచీ ఫోన్లే ఫోన్లు. ఓటున్న ఊరు ఎక్కడుందో అందరికీ తెలుసు, పొలం దగ్గరికొచ్చేసరికే ఎవరికీ తెలియదు!

రాగులకి 2024-25లో మద్దతు ధర క్వింటాలుకి 4,290 రూపాయలు. ఆ ధరకి అమ్మాలంటే పేరు నమోదు చేయించుకుని భూమి వివరాలు చూపించాలి. అవే తగాదాలో ఉంటే సంతలో దళారి చెప్పిందే రేటు. ఇక్కడ బెంగళూరులో అవే రాగులు ఆర్గానిక్ అని రంగు కవర్లో పెట్టి ఎంతకి అమ్ముతున్నారో సూపర్‌మార్కెట్‌కి వెళ్లి చూడండి.

సరిహద్దు ఎప్పుడు తేల్చుకుంటారో తేల్చుకోండి. ఈలోగా రెండు రాష్ట్రాల రెవెన్యూవాళ్లు కలిసి వెళ్లి, ఎవరు ఏ చెక్క సాగుచేస్తున్నారో కొలిచి, ఇద్దరూ సంతకం పెట్టి ఒకే పట్టా ఇవ్వాలి. దాని మీద ఏ బ్యాంకైనా లోను ఇవ్వాలి. ఆ పట్టా చేతికొస్తే రెండో రేషన్ కార్డు వదులుకోడానికి మా కుర్రాడు ఈరోజే సిద్ధం. నేను అడిగే రాస్తున్నాను.