గేమ్ కంపెనీలో రిక్వైర్‌మెంట్లు ఎవరు రాస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. గేమ్ కంపెనీలో బిజినెస్ అనలిస్ట్‌గా చేరతానంటున్నాడు. అలాంటి ఉద్యోగాలు ఉంటాయా? మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: బిజినెస్ అనలిస్ట్ చేసేది రిక్వైర్‌మెంట్లు రాయడం, అంటే సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో తేల్చి రాయడం. గేముల్లోనూ ఆ పని ఉందమ్మా, పేరే వేరు. గేమ్ డిజైనర్, ప్రొడ్యూసర్ అని వెతకమనండి. బ్యాంకు సాఫ్ట్‌వేర్ అయితే వడ్డీ ఎలా లెక్కగట్టాలో క్లయింటే చెబుతాడు. గేమ్‌లో అలా చెప్పేవాళ్లు ఉండరు. ‘ఆట మజాగా ఉండాలి’ అన్న ఒక్క మాటను కోడ్ రాసేవాళ్లకు పనికొచ్చేలా విడగొట్టాలి.

ఉదాహరణకు, ఆడే పిల్లవాడు ‘జంప్ నొక్కాను, అయినా పడిపోయాను’ అంటాడు. రికార్డింగ్ నెమ్మదిగా తిప్పి చూస్తే, బొమ్మ గట్టు అంచు దాటాక నొక్కి ఉంటాడు. తప్పు అతనిదే, కానీ ఆ మాట చెప్పి లాభం లేదు. అందుకే చాలా గేముల్లో అంచు దాటాక కూడా కొద్ది ఫ్రేములపాటు (ఫ్రేమంటే తెరపై వచ్చే ఒక్కో చిత్రం) జంప్ పనిచేసేలా పెడతారు. దీన్ని కొయొటీ టైమ్ అంటారు. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో 6 ఫ్రేములంటే సెకనులో పదో వంతు. ఫిర్యాదు అంకెగా మారింది చూశారా, రిక్వైర్‌మెంట్ అంటే అదీ.

1998లో వచ్చిన హాఫ్-లైఫ్ అనే గేమ్ కోసం వాల్వ్ కంపెనీ బయటివాళ్లను పిలిచి ఆడించింది. డిజైనర్లు పక్కనే నోరు మెదపకుండా కూర్చునేవారు. రెండు గంటల్లో వందదాకా మార్పులు తేలేవి.

రిక్వైర్‌మెంట్ రాయడం కన్నా అక్కర్లేనిది తీసేయడం కష్టం. డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ అనే గేమ్‌ను 1997లో ప్రకటించారు. మధ్యలో ఇంజిన్ (ఆటను తయారుచేసే మూల సాఫ్ట్‌వేర్) మార్చారు, కొత్త హంగులు చేర్చుకుంటూ పోయారు. చివరికి 2011లో గానీ విడుదల కాలేదు. కన్సోల్ (ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి ఆట యంత్రం) గేములకైతే సోనీ, మైక్రోసాఫ్ట్, నింటెండో నిబంధనలూ ఉంటాయి. ఆట మధ్యలో కంట్రోలర్ కనెక్షన్ పోతే ఏం జరగాలి వంటివన్నమాట. అక్కడ బేరాల్లేవు.

మీవాడిని ఈ సెలవుల్లో గోడో ఇంజిన్‌లో అయిదు నిమిషాల ఆట ఒకటి చేయమనండి. అది ఉచితమే. మొదట మీరే ఆడండి. ‘అక్కడ కాదమ్మా, ఇటు నొక్కు’ అని వాడు అనకూడదు. మీరు తడబడ్డ ప్రతిచోటా నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఇంకో నలుగురితో ఆడించాక, ఏవి ముందు సరిచేయాలి, ఏవి వదిలేయాలి, ఎందుకు వదిలేస్తున్నాడు అన్నది ఒక షీట్‌లో పెట్టాలి. ఇంటర్వ్యూకి ఆటతోపాటు ఆ షీటూ చూపించమనండి. నన్నడిగితే సర్టిఫికెట్ల కన్నా అదే ఎక్కువ మాట్లాడుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఫ్రెషర్‌కి నేరుగా డిజైనర్ ఉద్యోగం రావడం కష్టం, టెస్టింగ్‌లో చేరి ఎదిగినవాళ్లు చాలామంది. హైదరాబాద్‌లో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) వంటి గేమ్ స్టూడియోలు ఉన్నాయి కాబట్టి ఊరు మరీ దూరం కాకుండానే ప్రయత్నించవచ్చు. కోడింగ్ మాత్రం వదలొద్దనండి.