17 లక్ష్యాల సంగతి తర్వాత, ముందు మంచినీళ్ల చెరువు

సర్పంచ్ గారూ, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఐక్యరాజ్యసమితి పెట్టిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలనూ ఎలా ఇరికించాలని అడిగారు. ఇరికించక్కర్లేదండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వాటిని 9 ఇతివృత్తాలుగా (థీమ్‌లుగా) కుదించింది. గ్రామసభలో ఒకటో రెండో ఎంచుకుని సంకల్పం చేయండి.

మన డెల్టా ఊరికైతే వాటిలో నేను నీటి సమృద్ధినే ఎంచుకుంటాను. గోదారి పక్కనుండి ఇదేం కోరికంటారేమో! వేసవిలో కాలువలు కట్టేస్తే మంచినీళ్ల చెరువే కదా దిక్కు. కట్టేసేలోపు అది నిండుతుందా, ఎన్ని రోజులు వస్తుంది, రొయ్యల చెరువుల పక్క బోర్లలో ఉప్పెంత? ఇవి లెక్కగా రాయండి. పూడికతీత, ఫిల్టర్ బెడ్ల (నీళ్లు వడగట్టే ఇసుక తొట్ల) పనులు ఆ లెక్కలోంచే తేలతాయి. డబ్బంటారా, 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించారు. పనులు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో (పంచాయతీ ప్రణాళికలు నమోదు చేసే కేంద్ర పోర్టల్‌లో) ఎక్కించేటప్పుడు ఎంచుకున్న ఇతివృత్తం రాయడం మాత్రం మర్చిపోకండి.