ఇంటర్నెట్ కొనలేనివాళ్లకు హక్కులు ఉండవా?

ప్రశ్న: మా ఇంట్లో నలుగురికీ కలిపి ఒకటే ఫోను. డేటా అయిపోతే మళ్లీ వేయించుకోవడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. మా అమ్మాయి స్కాలర్‌షిప్ దరఖాస్తును కాగితం మీద ఇస్తే తీసుకోలేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టాలన్నారు. మేము డేటా వేయించుకునేసరికి గడువు దాటిపోయింది. ఇంటర్నెట్‌ను ఐక్యరాజ్య సమితి మానవ హక్కుగా ప్రకటించిందని విన్నాను. నిజమేనా? అయితే మాకు ఉచితంగానో తక్కువ ధరకో కనెక్షన్ ఇప్పించమని కోర్టును అడగవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: గడువు దాటిందని ఊరుకోకండి. మిగతా విషయాలు తర్వాత, ముందు ఆ కార్యాలయానికి కాగితం మీదే ఒక అర్జీ పెట్టండి. అమ్మాయికి అర్హత ఉందని, ఇంట్లో ఇంటర్నెట్ లేక ఆన్‌లైన్‌లో పెట్టలేకపోయామని, ఫలానా తేదీన కాగితం మీద ఇస్తే తీసుకోలేదని, జాప్యాన్ని మన్నించి ఇప్పుడు స్వీకరించాలని రాయండి. దరఖాస్తు, సర్టిఫికెట్ల నకళ్లు జతచేయండి. రసీదు అడగండి. ఇవ్వకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ చీటీ దాచుకోండి. ‘తీసుకోం’ అని నోటితో చెప్పిన మాటను కోర్టులో రుజువు చేయడం చాలా కష్టం. రాసిచ్చిన తిరస్కరణ ఉంటే కేసు సగం నిలబడినట్టే.

ఇక మీరు విన్న మాట సగమే నిజం. 2016 జూలై 1న ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల మండలి ఒక తీర్మానం చేసింది. మనిషికి బయట ఉన్న హక్కులన్నీ ఆన్‌లైన్‌లోనూ ఉండాలని, కావాలని ఇంటర్నెట్ నిలిపివేయడం తప్పని, దాన్ని అందరికీ విస్తరించేటప్పుడు మానవ హక్కుల దృష్టితో చేయాలని అందులో ఉంది. కానీ తీర్మానం చట్టం కాదు. దాన్ని చూపిస్తే ఏ న్యాయమూర్తీ మీకు కనెక్షన్ ఇప్పించరు.

సంతకం చేసి ఆమోదించిన దేశాలను కట్టిపడేసేవి 1966 నాటి రెండు అంతర్జాతీయ ఒడంబడికలు. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం సమాచారాన్ని వెతుక్కునే, పొందే, పంచుకునే స్వేచ్ఛ ఇస్తుంది. అది ఏ మాధ్యమం ద్వారానైనా వర్తిస్తుందని అక్కడే రాశారు. ఇంటర్నెట్ ఇంకా పుట్టని రోజుల్లో రాసిన ఆ కొద్ది మాటల మీదే ఈ రోజు ఎన్నో వాదనలు నడుస్తున్నాయి. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో 13వ అధికరణం విద్యకు సంబంధించినది. మీ అమ్మాయి సంగతిలో ఇదే మీకు ముఖ్యం.

ప్రభుత్వం అడ్డుపడినప్పుడు కోర్టులు గట్టిగానే మాట్లాడాయి. 2009 జూన్‌లో ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి (చట్టాలు రాజ్యాంగానికి సరిపోతాయో లేదో చూసే సంస్థ), భావప్రకటన స్వేచ్ఛలో ఇంటర్నెట్ వాడుకునే స్వేచ్ఛ కూడా ఉందని, న్యాయమూర్తి నిర్ణయం లేకుండా ఒక పరిపాలనా సంస్థ ఎవరి కనెక్షన్నీ కత్తిరించరాదని చెప్పింది. 2020 జనవరి 10న భారత సుప్రీంకోర్టు, ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే, వ్యాపారం చేసుకునే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని, నిరవధికంగా ఆపడం కుదరదని తీర్పిచ్చింది. ఇంటర్నెట్ పొందడమే ప్రాథమిక హక్కు అని మాత్రం ఆ తీర్పులో లేదు. ఉందని చాలామంది అనుకుంటారు, పిటిషన్లలో కూడా రాసేస్తుంటారు. మీరు అలా రాయించకండి. అవతలి న్యాయవాది అక్కడే పట్టుకుంటాడు.

‘నాకు ఇవ్వలేదు’ అని వెళ్లినప్పుడు మాత్రం కోర్టులు వెనకాడతాయి. తీగలు, టవర్లు, బడ్జెట్ శాసనసభల పని అంటాయి. అందుకే ఈ దిశలో అడుగులు ఎక్కువగా చట్టాల ద్వారానే పడ్డాయి. ఫిన్లాండ్ 2010 జూలై 1 నుంచి ప్రతి ఒక్కరికీ సెకనుకు 1 మెగాబిట్ కనెక్షన్‌ను సహేతుకమైన ధరకు పొందే హక్కును చట్టంలో పెట్టింది. మెక్సికో 2013లో బ్రాడ్‌బ్యాండ్ అందుబాటును రాజ్యాంగంలోనే చేర్చింది. మీ దేశంలో అలాంటి చట్టం ఉంటే మీ దారి సులువు. లేకపోతే ‘ఉచిత కనెక్షన్ ఇప్పించండి’ అన్న ఒక్క కోరికతో వెళ్తే ఓడిపోయే అవకాశమే ఎక్కువ. ఆశపెట్టి మిమ్మల్ని కోర్టు చుట్టూ తిప్పడం నాకు ఇష్టం లేదు.

మీ బలమంతా వేరేచోట ఉంది. ఇంటర్నెట్ తప్పనిసరి అని పెట్టింది మీరు కాదు, ప్రభుత్వం. విద్యకు సాయం పొందే హక్కు మీ అమ్మాయికి ముందే ఉంది. దాన్ని చేరుకునే దారిని ఇంటర్నెట్ ఒక్కటే చేశారు. అలా చేసినవాళ్లే ఆ దారిలో నడిచే వీలు కల్పించాలి, లేదా పాత దారి మూయకుండా ఉంచాలి. కోర్టుల్లో నిలబడే వాదన ఇదే.

దీనికి నాకు చాలా నచ్చిన ఉదాహరణ లిథువేనియాలోని ఒక ఖైదీ కేసు. చదువుకోవాలని విద్యాశాఖకు ఉత్తరం రాస్తే, వివరాలు వెబ్‌సైట్‌లో ఉన్నాయని జవాబు వచ్చింది. జైల్లో ఇంటర్నెట్ చూడనివ్వలేదు. 2017 జనవరిలో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం అది సమాచారం పొందే హక్కుకు భంగమని తేల్చింది. ఖైదీలందరికీ ఇంటర్నెట్ ఇవ్వాలని కోర్టు అనలేదు. కానీ సమాచారాన్ని ఒకచోట పెట్టి, అక్కడికి వెళ్లనివ్వకపోవడాన్ని ఒప్పుకోలేదు. భారత్‌లో 2025 ఏప్రిల్ 30 నాటి సుప్రీంకోర్టు తీర్పుదీ ఇదే దారి. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేనివారు కళ్లార్పి చూపిస్తేనే డిజిటల్ గుర్తింపు పూర్తవుతుందనడం తప్పని, వేరే పద్ధతులు ఉండాలని ఆదేశిస్తూ, డిజిటల్ అందుబాటు జీవించే హక్కులో భాగమని చెప్పింది.

‘ఈ హక్కులు వనరులను బట్టి క్రమంగా అమలయ్యేవి, ఇప్పుడే అడగలేరు’ అని ప్రభుత్వ న్యాయవాది అనవచ్చు. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలో ఆ మాట నిజంగానే ఉంది. కానీ వివక్ష చూపకపోవడం క్రమంగా చేయాల్సిన పని కాదు, అది మొదటి రోజు నుంచే ఉన్న బాధ్యత. ఒకే మార్కులున్న ఇద్దరు పిల్లల్లో డబ్బున్నవాళ్ల దరఖాస్తు చేరి, లేనివాళ్లది చేరకపోతే అది ఆర్థిక స్థితిని బట్టి చూపిన తేడా. విద్య ఆర్థికంగా కూడా అందుబాటులో ఉండాలని ఆ ఒడంబడిక అమలును చూసే కమిటీ 1999లోనే వివరించింది. ఇంట్లో వైకల్యం ఉన్నవారెవరైనా ఉంటే 2006 నాటి వికలాంగుల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం ఇంకా సూటిగా పనికొస్తుంది. అందులో ఇంటర్నెట్ పేరే ఉంది.

‘డేటా ఇప్పటికే చవక’ అని కూడా అంటారు. ఐక్యరాజ్య సమితి సంస్థలు ఏర్పాటు చేసిన బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ 2018లో పెట్టిన లక్ష్యం ప్రకారం ప్రాథమిక సేవ ధర తలసరి నెల ఆదాయంలో 2 శాతం మించకూడదు. అది సగటు లెక్క. సగటులో అయిదో వంతు సంపాదించే ఇంటికి అదే ధర 10 శాతం అవుతుంది. మీ నెల ఆదాయం, డేటా ఖర్చు రాసి అఫిడవిట్‌లో పెట్టండి. దేశం సగటు కాదు, మీ ఇంటి లెక్క న్యాయమూర్తి చూడాలి.

అర్జీకి జవాబు రాకపోయినా, తిరస్కరించినా పై అధికారికి అప్పీలు చేయండి. తర్వాత మానవ హక్కుల కమిషన్ ఉన్నచోట అక్కడికి వెళ్లవచ్చు, ఖర్చు తక్కువ. కోర్టుకు వెళ్లేటప్పుడు ఉచిత న్యాయ సహాయం అడగండి, మీ ఆదాయానికి దొరికే అవకాశం ఉంది. అంతర్జాతీయ కమిటీలకు ఫిర్యాదు చివరి మాట. దేశంలోని దారులన్నీ అయిపోవాలి, పైగా అలా ఫిర్యాదు చేసుకోనిచ్చే అదనపు ఒప్పందాన్ని (ఐచ్ఛిక ప్రోటోకాల్‌ను) మీ దేశం ఆమోదించి ఉండాలి.

పిటిషన్‌లో రెండు కోరికలు విడివిడిగా రాయించండి: అమ్మాయి దరఖాస్తును కాగితం మీద స్వీకరించి అర్హత పరిశీలించాలి; ఆ పథకానికి ఇకమీదట కాగితపు దరఖాస్తునైనా, ఉచితంగా నింపిపెట్టే కౌంటరునైనా పెట్టాలి. కనెక్షన్ సంగతి మూడో కోరికగా చేర్చవచ్చు. అయితే దాన్ని కోర్టు తోసిపుచ్చినా మొదటి రెండూ నిలబడేలా రాయమని మీ న్యాయవాదికి చెప్పండి.